ఫ్రాంజ్ బడిలో మార్కుల లెక్క

నార్మన్ రాక్‌వెల్ వేసిన, 1964లో అచ్చయిన ఆ బొమ్మని మనలో చాలామంది చూసే ఉంటారు. తెల్లగౌను వేసుకున్న ఆరేళ్ల నల్లపిల్ల, చేతిలో పుస్తకం, స్కేలు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు ఫెడరల్ మార్షల్స్. గోడమీద ఒక తిట్టు, చితికిన టమాటా మరక. ఆ టమాటా విసిరిన చెయ్యి మాత్రం బొమ్మలో లేదు. న్యూ ఆర్లియన్స్‌లో విలియం ఫ్రాంజ్ ఎలిమెంటరీ స్కూలు ముందు రోజూ చేరిన ఆ గుంపులో గొంతు ఎక్కువగా వినిపించింది ఆడవాళ్లది, అందులోనూ తల్లులది.

రూబీ బ్రిడ్జెస్ కథని ధైర్యానికి ఉదాహరణగా చెప్పుకోవడం అలవాటైపోయింది. నాకు ఆసక్తి ఆ కథలోని మార్కుల మీద.

జాతిని బట్టి బడులు వేరుగా ఉండటం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పింది. న్యూ ఆర్లియన్స్‌లో అది అమలవడానికి ఆరేళ్లు పట్టింది, జడ్జి స్కెల్లీ రైట్ పట్టుబడితే తప్ప కదల్లేదు. అప్పుడు కూడా తలుపు నేరుగా తెరవలేదు, మధ్యలో ఒక పరీక్ష పెట్టారు. తెల్లవాళ్ల బడికి వెళ్లాలనుకునే నల్లపిల్లలు అందులో నెగ్గాలి. ఆ బడి పక్కవీధిలోని తెల్లపిల్లకి అలాంటి పరీక్షేమీ లేదు. నెగ్గింది ఆరుగురేనని రూబీ రాసింది. 1960 నవంబరు 14న గడప దాటింది నలుగురు. మెక్‌డొనా 19 బడికి లియోనా టేట్, గెయిల్ ఎటియెన్, టెస్సీ ప్రెవోస్ట్. ఫ్రాంజ్‌కి రూబీ ఒక్కతే. నలుగురూ ఆడపిల్లలే. ఇది యాదృచ్ఛికమని నేననుకోను. నల్లమగపిల్లాడు తెల్లపిల్ల పక్కన కూర్చోవడమనే భయం చుట్టూ అల్లుకున్న వ్యవస్థ అది.

మొదటిరోజే తెల్ల తల్లిదండ్రులు వందలాది పిల్లల్ని ఫ్రాంజ్ నుంచి తీసుకెళ్లిపోయారు. బయట నిలబడ్డ ఆడవాళ్లని పత్రికలు 'చీర్‌లీడర్లు' అన్నాయి. జాన్ స్టైన్‌బెక్ వాళ్లని స్వయంగా చూసి, 1962లో అచ్చయిన తన ప్రయాణ పుస్తకంలో అసహ్యంతో రాశాడు. ఒకామె రోజూ విషం పెడతానని అరిచేది. ఇంకొకామె చిన్న శవపేటికలో నల్లబొమ్మని పెట్టి తెచ్చింది. వాళ్లని పిచ్చివాళ్లుగా తీసిపారేయడం తేలిక. వాళ్లు మాత్రం మా పిల్లల కోసమే వచ్చామన్నారు. అదే మాట రూబీ తల్లి లూసీల్ కూడా అంది. మిసిసిపీలో కౌలు పొలాల్లో పెరిగిన ఆమెకి చదువు అందలేదు. భర్త వద్దన్నా కూతుర్ని ఈ బడికే పంపాలని పట్టుబట్టింది. దాని ఫలితంగా భర్త ఉద్యోగం పోయింది, ఊళ్లో రూబీ తాతా అమ్మమ్మా సాగుచేస్తున్న భూమీ పోయింది. తెల్లవాళ్లలో డైసీ గాబ్రియెల్ అనే తల్లి, తన కూతురి చెయ్యి పట్టుకుని ఆ గుంపులోంచే బడికి నడిచింది. ఆ కుటుంబం చివరికి ఊరు వదిలి వెళ్లాల్సివచ్చింది.

సూసీ తారూ, తేజస్విని నిరంజన 1990లలో హైదరాబాదు నుంచి రాసిన వ్యాసం ఇక్కడ గుర్తొస్తుంది. మండల్ వ్యతిరేక ఆందోళనలోనూ, చుండూరులోనూ ఆడవాళ్లు వీధుల్లోకి వస్తే దాన్ని స్త్రీల చైతన్యం అనగలమా అని వాళ్లు అడిగారు. అప్పటి మన వీధుల్లోనూ 'మెరిట్' అనే మాటే వినిపించింది.

బడి లోపల, బాస్టన్ నుంచి వచ్చిన బార్బరా హెన్రీ ఏడాదంతా ఒక్క పిల్లకే పాఠం చెప్పింది. రూబీకి మంచి మార్కులు వేసింది. ఒక్కదానికే అంత శ్రద్ధ దొరికింది కాబట్టి ఆ మార్కులు న్యాయం కావని, తగ్గిస్తానని ప్రిన్సిపాల్ బెదిరించిందట! ఆ పిల్లని ఒంటరిని చేసింది ఎవరో ఆమెకి తెలియనిదా? మర్నాటి ఏడాది హెన్రీ ఆ బడిలో లేదు. ఆమె దగ్గర రూబీకి అబ్బిన బాస్టన్ యాసని కొత్త టీచర్ వెక్కిరించింది. బాగా చదవడం కూడా ఆ పిల్ల మీద నేరమే అయింది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో తెల్లకుటుంబాలు శివార్లకీ ప్రైవేటు బడులకీ తరలిపోయాయి. ఫ్రాంజ్ దాదాపు పూర్తిగా నల్లపిల్లల బడి అయింది. పేదపిల్లల బడి కూడా. 1990లలో రూబీ మళ్లీ అక్కడికి వెళ్లింది. తమ్ముడు హత్యకి గురయ్యాక అతని కూతుళ్లు చదువుతున్నది అక్కడే. తల్లిదండ్రులకీ బడికీ మధ్య వారధిగా ఆమె జీతం లేకుండా పనిచేసింది.

2005 ఆగస్టులో కత్రీనా తుఫాను. ఫ్రాంజ్ భవనం దెబ్బతిని మూతపడింది. నవంబరులో లూయిసియానా శాసనసభ కొత్త చట్టం చేసింది. అంతకుముందు 60 స్కోరు దాటని బడినే విఫలమైన బడి అనేవారు. ఇప్పుడు గీత రాష్ట్ర సగటు దాకా, అంటే 87.4కి పైకి లేచింది. దాంతో నగరంలోని చాలా బడులు ఒక్క దెబ్బకి రాష్ట్రం చేతిలోకి పోయాయి, తర్వాత్తర్వాత చార్టర్ సంస్థలకి వెళ్లాయి. పిల్లలు అప్పటికి బడిలోనే లేరు. చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయి ఉన్నారు.

స్కూల్ బోర్డు 7 వేలకి పైగా ఉద్యోగుల్ని తీసేసింది. వాళ్లలో టీచర్లు వేలల్లో ఉన్నారు, వాళ్లలోనూ ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు. నగరంలో నల్లవాళ్ల మధ్యతరగతిని నిలబెట్టినవి ఈ పంతులమ్మల జీతాలే. 1960 తర్వాత తెల్లవాళ్లు వదిలేసిన తరగతి గదుల్ని నడిపింది కూడా వీళ్లే. దీన్ని చదువుల సంస్కరణగా మెచ్చుకుంటూ రాసిన వ్యాసాలు చాలా చదివాను. వాటిలో వీళ్లు 'పాత సిబ్బంది' మాత్రమే.

వాళ్లు కోర్టుకెక్కారు. 2012లో కింది కోర్టులో గెలిచారు. 2014 అక్టోబరు ఆఖర్న లూయిసియానా సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. రెండు వారాల తర్వాత, చార్టర్ స్కూలుగా మారిన ఫ్రాంజ్ ఆవరణలో ఆరేళ్ల రూబీ విగ్రహాన్ని ఆవిష్కరించారు.