పొగజాడ పట్టే కనపడని వెలుగు

కంటికి కనిపించినంత మేరే పొగ అనుకుంటాం. గొట్టం నుంచి వెలువడి కొంత దూరం పోయాక అది పలచబడి మాయమవుతుంది. కాని గాలిలో మైళ్ళ కొద్దీ సాగుతూనే ఉంటుంది. ఊరి మీదికి విషపు పొగ వచ్చినప్పుడు ఎటు పరుగెత్తాలో తెలియాలంటే, ముందు అది ఎటు పోతున్నదో తెలియాలి గదా!

వెలుగును పైకి పంపి గాలిని పరీక్షించవచ్చునని 1930లోనే డబ్లిన్ వాసి ఎడ్వర్డ్ హచిన్‌సన్ సింజ్ సూచించాడు. ఆనాటికి ఉన్నవి సెర్చిలైట్లే. 1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ కృత్రిమ కెంపుతో మొదటి లేజరు వెలిగించాడు. 1963లో స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో మైరన్ లిగ్డా దాన్ని వాతావరణం మీదికి తిప్పాడు. ఈ సాధనమే లైడార్. లేజరు తళుకు పొగలోని రేణువులకు తగిలి కొంచెం వెనక్కి వస్తుంది. పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్కకడతారు. కిలోమీటరు పోయి రావడానికి సెకనులో పదిలక్షల వంతులు ఏడైనా పట్టవు. మన ఆఫీసుల్లో ఫైలు ఏ బల్ల మీదుందో కనుక్కోవడం కంటె ఇదే తేలిక! 1971లో జాన్సన్, ఊథే అనే వారు పెన్సిల్వేనియాలోని కీస్టోన్ విద్యుత్కేంద్రం పొగను ఇలా పరిశీలించి వ్యాసం ప్రచురించారు.

చిక్కు కంటితో వచ్చింది. కెంపు లేజరు వెలుగును మన కంటి లెన్సు సూదిమొనలా కూర్చి రెటీనా మీద పడవేస్తుంది. క్షణంలో చూపు పోవచ్చు. అటువంటి దాన్ని జనం తలల మీదుగా అడ్డంగా తిప్పడం ఎలా? పొగ వల్ల ప్రమాదమేమో జనం ఉన్న చోటనే.

ఉపాయం కంటిలోని నీటిలోనే దొరికింది. తరంగదైర్ఘ్యం 1.4 మైక్రాన్లు దాటిన కాంతిని కార్నియా, దాని వెనకనున్న ద్రవాలు పీల్చుకుంటాయి. రెటీనా దాకా రానివ్వవు. శుక్లాల ఆపరేషన్లు చేయించుకున్న మనకు కంటి విలువ వేరే చెప్పాలా! 1.06 మైక్రాన్ల లేజరును అధిక పీడనంలోని మీథేన్ గుండా పంపితే 1.54 మైక్రాన్ల కాంతి వస్తుంది. ఈ పద్ధతితో 1989లో ప్యాటర్సన్ బృందం తొలి కొలతలు ప్రచురించింది. అమెరికా జాతీయ వాతావరణ పరిశోధనా కేంద్రంలో షేన్ మేయర్, స్కాట్ స్పూలర్ దాన్ని మరింత శక్తిమంతం చేశారు. 2004లో వాషింగ్టన్ దగ్గర పెంటగాన్ పరిసరాల గాలిని ఆ యంత్రంతో పరిశీలించారు.

మన తిరుపతి దగ్గరి గాదంకిలోనూ 1998లో జపాన్ సహకారంతో లైడార్ నెలకొల్పారు. అది ఆకుపచ్చ లేజరుతో నిట్టనిలువుగా పైకి చూసేది. ఎత్తులు కొలవడానికి అది చాలు, ఊళ్ళ మీదుగా చూడడానికి చాలదు.

ఒకటి మాత్రం గమనించాలి. ఈ 1.54 మైక్రాన్ల యంత్రం పొగ ఎక్కడుందో చెబుతుంది గాని, అందులో ఏముందో చెప్పదు. రేణువులు లేని వట్టి వాయువు దీనికి ఆనదు.