వేడినీళ్ళా? కరెంటా?

విజయవాడలో అమ్మానాన్నలుండే అపార్ట్‌మెంటులో ఎనిమిది వాటాలు, ఒకటే డాబా. దాని మీద సోలార్ పెట్టిద్దామని పోయిన సంక్రాంతి నుంచీ మీటింగులు జరుగుతున్నాయి. సగం మంది వాటర్ హీటర్లంటారు, సగం మంది కరెంటు పలకలంటారు. "మీ అబ్బాయి అమెరికాలో కంప్యూటర్ ఇంజనీరు కదా" అని లెక్క తేల్చే పని నాకు అంటగట్టారు.

రెండు రాత్రులు కూర్చుని ఎక్సెల్ షీటు చేశాను. డాబా నిండా పలకలే పరిచేయండి, హీటర్లు పాతకాలం సరుకు అని తీర్పిచ్చాను. నాన్న ఫోన్లో ఒక్కటే అడిగారు.

"కరెంటు పోతే మీ అమ్మకి వేడినీళ్ళు వస్తాయిట్రా?"

"ఎండుంటే ఎందుకు రావు నాన్నా?" అన్నాను ధీమాగా.

తప్పు చెప్పాను. తర్వాత చదివితే తెలిసింది. గ్రిడ్‌కి కలిపిన పలకలు కరెంటు పోగానే ఆగిపోతాయి. తీగ మీద పనిచేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా ఇన్వర్టరే ఆపేస్తుంది. బ్యాటరీ లేకపోతే మిట్టమధ్యాహ్నం కూడా అంతే. ఎనిమిది కుటుంబాల డబ్బుతో ఆడుకుంటున్నానని అప్పుడు భయం వేసింది. ఇక పాతకాలం సరుకు చరిత్ర తిరగేశాను.

బాల్టిమోర్‌కి చెందిన క్లారెన్స్ కెంప్ 1891లో సోలార్ హీటరుకి పేటెంటు తీసుకున్నాడు. అద్దం మూత వేసిన చెక్కపెట్టెలో నల్లరంగు పూసిన తొట్లు, అంతే! 1897 నాటికి కాలిఫోర్నియాలోని పాసడీనాలో మూడోవంతు ఇళ్ళకి ఇలాంటివి ఉండేవట. చిక్కేమిటంటే, రాత్రికి నీళ్ళు చల్లారిపోయేవి. 1909లో విలియం బెయిలీ ఎండ కాచే గొట్టాలని వేరుచేసి, ట్యాంకుకి దుప్పటి కప్పినట్టు చుట్టూ వేడి పోకుండా కట్టాడు. ఈనాటికీ మన డాబాల మీద కనిపించేది దాదాపు అదే. తర్వాత కాలిఫోర్నియాలో చవగ్గా గ్యాస్ దొరికింది, హీటర్లు మూలపడ్డాయి. ఓడిపోయింది ఎండ కాదు, ధర.

కరెంటు పలక వయసులో చిన్నది. 1954లో బెల్ ల్యాబ్స్ వాళ్ళు చూపించిన సిలికాన్ సెల్ ఎండలో 6 శాతాన్ని కరెంటు చేసేది. ఈనాటి పలకలు 20 శాతం దాటాయి.

ఈ రెంటి కథా వైట్‌హౌస్ కప్పు మీదే చూడొచ్చు. 1979లో కార్టర్ 32 వేడినీళ్ళ పలకలు పెట్టించాడు. 1986లో రీగన్ హయాంలో కప్పు మరమ్మతని దించేశారు, మళ్ళీ ఎక్కించలేదు. వాటిలో కొన్ని మెయిన్ రాష్ట్రంలో ఒక కాలేజీ భోజనశాలకి నీళ్ళు కాచాయి, ఒకటి స్మిత్‌సోనియన్ మ్యూజియం చేరింది. బుష్ కాలంలో, అంటే 2003 సరికి, ఆ ఆవరణలో కరెంటు పలకలూ, వేడినీళ్ళవీ రెండూ వచ్చాయి. 2013లో ఒబామా ఇంటి కప్పు మీదే 6.3 కిలోవాట్ల కరెంటు పలకలు మొదలుపెట్టించాడు.

మళ్ళీ మా డాబా దగ్గరకొద్దాం. 100 లీటర్ల నీళ్ళు 25 నుంచి 60 డిగ్రీలకి కాగాలంటే సుమారు 4 యూనిట్లు కావాలి. హీటరు అయితే రెండు చదరపు మీటర్ల ఎండ చాలు. గీజరుతో అయితే ఒక కిలోవాటు, అంటే దాదాపు ఐదు చదరపు మీటర్ల పలకలు కావాలి. హీట్ పంపు పెడితే ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల వేడి వస్తుంది కనుక ఈ తేడా ఇంచుమించు పోతుంది. కాకపోతే కరెంటు పోతే అదీ పనిచేయదు.

అలాగని డాబా నిండా హీటర్లు పెట్టినా దండగే. విజయవాడ మే నెలలో కుళాయి నీళ్ళే చెయ్యి కాలుస్తాయి. ఆ నాలుగు నెలలూ హీటర్లకి సెలవు, కానీ ఫ్యాన్లూ ఏసీలూ తిరిగేది అప్పుడే.

ఎక్సెల్ షీటు చెరిపి మళ్ళీ రాశాను. పెద్దవాళ్ళున్న పై అంతస్తు రెండు వాటాలకీ చెరొక 100 లీటర్ల హీటరు. గొట్టం పొడుగు తక్కువ కాబట్టి దారిలో వేడి పోదు, పైగా వేడెక్కిన నీళ్ళు వాటంతటవే ట్యాంకులోకి ఎక్కుతాయి, మోటారక్కర్లేదు. మిగిలిన చోట కరెంటు పలకలు. తూర్పు మూల ఖాళీ.

పోయిన ఆదివారం మీటింగులో నేను చెప్పిన తప్పుతో సహా అంతా ఫోన్లోనే చదివాను. ఒప్పుకున్నారు. చివర్లో నాన్న అడిగారు, "ఆ తూర్పు మూల ఎందుకు వదిలావురా?"

అమ్మ వడియాలకి. ఆ ఎండకి పేటెంటు లేదు కదా!