రెసిడెన్సీ మెట్లు ఎవరివి?

హైదరాబాదులో కోఠీకి ఆ పేరు బ్రిటిష్ రెసిడెంటు భవనం వల్ల వచ్చింది. జేమ్స్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉండగా 1803లో దాని నిర్మాణం మొదలైంది. నక్షా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్. ఖర్చు నిజాముది. ముఖద్వారం, ఆరు ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, వెడల్పాటి మెట్లు, వాటికి అటూ ఇటూ సింహాలు, లోపల దర్బారు హాలు. వచ్చినవాళ్ళని మెట్ల దగ్గరే చిన్నబుచ్చే కట్టడం ఇది.

ఆ మెట్లు మగవాళ్ళవి. కిర్క్‌పాట్రిక్ పెళ్ళాడిన ఖైరున్నిసా చోటు వెనకవైపున్న రంగమహల్ జనానా. ఘోషాలో ఉన్న ఆమె ముందువైపుకి రాకూడదు కనుక, భవనానికి చిన్న నమూనా కట్టించి జనానా తోటలో పెట్టారని చెబుతారు. అది కథే కావచ్చు, నమూనా మాత్రం నిజం. తన ఇల్లు ఎలా ఉంటుందో ఒక స్త్రీ బొమ్మని చూసి తెలుసుకోవాలి! జనానా అంటే ఏమిటో ఇంతకన్నా వివరంగా ఎవరు చెప్పగలరు?

1805లో కిర్క్‌పాట్రిక్, 1813లో ఖైరున్నిసా చనిపోయారు. 1860 ప్రాంతంలో రంగమహల్‌ని కూల్చేశారు. తెల్లదొర దేశీ స్త్రీతో కాపురం చేసిన గుర్తు తర్వాతి దొరలకి ఇబ్బందైంది. స్తంభాలు మిగిలాయి, జనానా పోయింది.

1947లో దొరలు వెళ్ళిపోయారు. 1924లో ప్రారంభమైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఇక్కడికి వచ్చింది. ఖైరున్నిసాకి నిషిద్ధమైన మెట్లెక్కి ఆడపిల్లలు పాఠాలకి వెళ్ళారు. ఒక్క స్తంభమైనా కదలకుండానే ఆ భవనం అర్థం తలకిందులైంది.

గోడలు శిథిలమవుతుంటే 2002లో ప్రపంచ కట్టడాల నిధి దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. దీర్ఘకాలం మరమ్మతుల తర్వాత 2023లో ప్రధాన భవనం మళ్ళీ తెరుచుకుంది. ఈలోగా 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దేశ్‌ముఖ్‌కి ఎదురునిలిచి తన పంటని దక్కించుకున్న స్త్రీ పేరు ఇప్పుడు ఈ ప్రాంగణానిది.

అయినా ఈ భవనం గురించి ఎవరు రాసినా కిర్క్‌పాట్రిక్ ప్రేమకథే ముందుకొస్తుంది. కట్టించిన ఆయన ఇందులో ఎక్కువ కాలం ఉండనే లేదు. ఆడపిల్లలు దశాబ్దాల తరబడి చదువుకున్నారు. వాళ్ళు ఏ గదిలో ఏం చదివారు, ఇళ్ళలో ఎవరిని ఒప్పించి వచ్చారు అన్నది కూడా ఈ కట్టడం చరిత్రే. సున్నం పూసి స్తంభాలని కాపాడుకున్నాం. తొలితరం విద్యార్థినుల జ్ఞాపకాలని నమోదు చేసే పని మిగిలే ఉంది. అది ఆలస్యమైతే వాటికీ రంగమహల్ గతే పడుతుంది.