వేటూరి సినీగీత రచన

వేటూరి సుందరరామమూర్తి (1936–2010) తెలుగు సినీగేయ రచయిత. కృష్ణా డెల్టాలోని పెదకళ్లేపల్లిలో జన్మించారు. కూచిపూడి నాట్యానికి నెలవైన సీమ అది. పండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రి, సంగీత గురువు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిల స్వస్థలం కూడా పెదకళ్లేపల్లే. పాత్రికేయుడిగా పనిచేసి, కె.విశ్వనాథ్ చిత్రం ‘ఓ సీత కథ’ (1974)తో సినీరంగంలోకి వచ్చారు.

రచనా విధానం: ఆయన పాటకు చిత్రకథే ప్రేరణ, పాత్ర స్థితిని బట్టి భాష మారుతుంది. ‘శంకరాభరణం’ (1980)లో సంగీత విద్వాంసుడి కథ సంస్కృత సమాస గాంభీర్యాన్ని కోరింది. ‘అడవిరాముడు’ (1977)లో జనరంజకమైన హుషారు పలికింది. ‘సాగర సంగమం’ (1983)లో మద్యం మత్తులో నర్తకుడు బావి గట్టుపై ఆడే సన్నివేశానికి నాట్య జతులనూ జీవితవేదననూ ఒకే పల్లవిలో కలిపారు. సంగీత దర్శకుల్లో కె.వి.మహదేవన్, కవి ముందుగా రాసిన సాహిత్యానికి బాణీ కట్టేవారు. ఇళయరాజా ముందే కట్టిన బాణీలకు మాటలు పొదగాల్సి వచ్చేది. రెండు పద్ధతుల్లోనూ వేటూరి సిద్ధహస్తులు.

గుర్తింపు: ‘మాతృదేవోభవ’ (1993)లో బిడ్డలకు దూరమయ్యే తల్లి ఆవేదనపై రాసిన పాటకు జాతీయ పురస్కారం లభించింది. సన్నివేశం కోసం పుట్టిన పాట సినిమాను దాటి సాహిత్యంగా నిలవగలదని వేటూరి రచనలు నిరూపించాయి.