మందుగుండు

ఈ జంట మాటలో పాత తుపాకి పనితీరంతా ఉంది. గొట్టం మూతిలోంచి ముందు మందు పోసి, ఆపైన గుండు దించి, కడ్డీతో దట్టించేవారు. తర్వాత ఇత్తడి తూటా వచ్చి రెంటినీ ఒకే గుల్లలో చేర్చింది. అమెరికాలో కాల్చిన తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకునేవారు ఆ జంటను తిరిగి విడదీస్తారు: ఖాళీ గుల్ల, మందును అంటించే కొత్త ప్రైమరు, మందు, గుండు. తూటాలు నింపే ప్రెస్సు ఎంత గొప్పదైనా, వాళ్లు ముందు చూసుకోవాల్సింది నమ్మకమైన త్రాసునే. మందు మోతాదు మించితే తుపాకే పగిలిపోవచ్చు. అక్కడి కొలత గ్రెయిన్, అంటే గింజ, పౌండుకు 7000. మనం బంగారం తూచిన గురిగింజకు చుట్టమన్నమాట! తెలుగిళ్లలో ఇప్పుడు మందుగుండు అంటే ఎక్కువగా దీపావళి సామగ్రే. చిచ్చుబుడ్డిలో ఉండేది మందే, గుండు కాదు.