రేచర్లవారి పేరు

స్కాట్లండు దేశపు కొండసీమలలో ఒక్కొక్క వంశమును క్లాను అందురు. వారి గేలిక్ భాషలో ఆ మాటకు బిడ్డలని యర్థము. అయినను అందలివారందఱును నాయకుని రక్తబంధువులు కారు. అతని భూమిని దున్నుకొని బ్రదికినవారు పెక్కురు అతని పేరునే తమ పేరుగా బెట్టుకొనిరి. ప్రభువు పేరు సేవకునికి వచ్చుట వింత గాదు. సేవకుని పేరు తమకు వచ్చినదని చెప్పుకొన్న ప్రభువంశము మన నల్లగొండ సీమలోనే కలదు.

14వ శతాబ్దమున రాచకొండ, దేవరకొండ దుర్గములనుండి యేలిన పద్మనాయకులు రేచర్ల గోత్రులు. వీరి వంశస్తుతి పద్యములు 'వెలుగోటివారి వంశావళి' యను గ్రంథముగా నేలటూరి వేంకటరమణయ్యగారి పరిష్కరణమున 1939లో అచ్చుపడినవి. అందలి కథ యిది. మూలపురుషుడైన చెవ్విరెడ్డికి పొలములో నిధి కనబడెను. నరబలి లేక అది దక్కదని తెలిసెను. రేచడను మాల సేవకుడు తన్ను బలి యిమ్మనెను. తన పేర గోత్రము నిలుపవలయుననియు, ఆ యింటి పెండ్లిండ్లకు ముందు తనవారి పెండ్లి జరిపింపవలయుననియు అతడు కోరెను. రేచడు తనంతట తానే యొప్పుకొనెనని కథ చెప్పుచున్నది. ఒప్పుకొనక యేమి చేయగలడో చెప్పదు!

చరిత్రదృష్టితో జూచిన నీ కథ నిలువదు. సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి నేలిన రెడ్డి సామంతులకును రేచర్ల పేరే కలదు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేట రామప్పగుడిని గట్టించెను. మాచర్ల, జడ్చర్ల వలె రేచర్లయు ఊరి పేరై యుండునని మా యూహ.

పేరు ఊరిదే యైనచో, ఈ కథ నేల కల్పించుకొనిరి? సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతమున 'రసార్ణవసుధాకరము' రచించుచు, తమ వర్ణము విష్ణుపాదమున బుట్టి గంగకు తోబుట్టువైనదని చెప్పుకొనెను. పండితసభకు ఆ మాట చాలును. అక్కడ రేచనితో పని లేదు. తెలుగు పద్యములలో మాత్రము అతడు విడువక నిలిచెను. పోషకుని మెప్పుకై పాడువాడు ఆ కాలమున మాలవాని పేరు నూరక తేడు. ఈ మెట్టసీమలో ఎవరి చెమటచే కలిమి పుట్టినదో, ఎవరి ప్రాణములచే కోటలు నిలిచినవో ఆ యింటివారెఱుగుదురు; ఆ ఋణమే కథయైనదని మేము తలంచుచున్నాము. శాసనములు దాతల పేళ్లనే చెక్కును. బలియైనవాని పేరు దాచినది కట్టుకథయే.

రేచని మొదటి కోరిక నేటికిని పెండ్లిపందిళ్లలో గోత్రోచ్చారణమున దీరుచున్నది. రెండవ కోరిక మాటయేమో, ఆ పందిళ్లలో మొదటి పీట యెవరికి వేయుచున్నారో ఆ యింటి పెద్దలే చెప్పవలయును.