ఛార్జింగ్‌కు పొదుపే మందు.. ఆపదలో ఫోనే అండ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. విద్యుత్ స్తంభాలు నేలకొరగడంతో నగరంతోపాటు చుట్టుపక్కల పల్లెలు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలను ముంచెత్తినప్పుడూ కరెంటు లేక జనం అల్లాడారు. మేడపైకి చేరిన కుటుంబానికి అలాంటి వేళ బయటి ప్రపంచంతో మిగిలే బంధం చేతిలోని ఫోను ఒక్కటే. 108కి గానీ, 112కి గానీ సమాచారం అందాలంటే అందులో ఛార్జింగ్ మిగిలి ఉండాలి. కరెంటు ఉన్న రోజుల్లోనే పొదుపు అలవాటైతే ఆపద వేళ వెతుక్కోవాల్సిన పని ఉండదు.

నాడు రోజుల తరబడి.. నేడు సాయంత్రానికే

2003లో వచ్చిన నోకియా 1100 ఫోనులో బ్యాటరీ సామర్థ్యం 850 మిల్లీ ఆంపియర్ అవర్లు మాత్రమే. అయినా ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజుల తరబడి నడిచేది. నేటి స్మార్ట్‌ఫోన్లలో 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ సర్వసాధారణం. ఆరింతలు పెద్ద బ్యాటరీ ఉన్నా సాయంత్రానికే ఛార్జర్ వెతుక్కోవాల్సి వస్తోంది. లోపం బ్యాటరీది కాదు, పెరిగిన ఖర్చుది.

5,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి సుమారు 19 వాట్ అవర్లు. ఫోను సగటున 2 వాట్ల చొప్పున ఖర్చు చేస్తే తొమ్మిదిన్నర గంటల్లో ఖాళీ అవుతుంది. అదే ఖర్చును 1 వాట్‌కు తగ్గిస్తే 19 గంటలు వస్తుంది. పొదుపు సూత్రమంతా ఈ లెక్కలోనే ఉంది.

తెరకే పెద్ద వాటా

ఫోను వాడుతున్నంతసేపు ఎక్కువ శక్తిని తాగేది తెర. వెలుతురును పరిసరాలకు తగినట్లు తగ్గించుకోవడం అన్నిటికంటే ఫలితమిచ్చే పని. ఆటో బ్రైట్‌నెస్‌ను ఆన్‌లో ఉంచితే ఫోనే సర్దుకుంటుంది. తెర ఆరిపోయే వ్యవధిని 30 సెకన్లకు కుదించుకోవాలి. సెకనుకు 120 సార్లు మారే తెర ఉన్న ఫోన్లలో దాన్ని 60కి తగ్గించుకునే వీలు సెట్టింగ్స్‌లో ఉంటుంది.

డార్క్ మోడ్ వల్ల లాభం ఎంతన్నది తెర రకాన్ని బట్టి ఉంటుంది. ఓఎల్ఈడీ, అమోలెడ్ తెరల్లో నల్లటి చోట చుక్కలు వెలగవు కాబట్టి శక్తి ఆదా అవుతుంది. ఎల్‌సీడీ తెరల్లో వెనుక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కనుక చెప్పుకోదగ్గ లాభం ఉండదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ఓఎల్ఈడీ ఫోన్లను పరీక్షించారు. వెలుతురు 30 నుంచి 50 శాతం ఉన్నప్పుడు డార్క్ మోడ్ వల్ల ఆదా అయింది 3 నుంచి 9 శాతమే. వెలుతురు పూర్తిగా పెంచినప్పుడు మాత్రం 39 నుంచి 47 శాతం వరకు ఆదా కనిపించింది. ఇంట్లో స్వల్ప లాభం, ఎండలో పెద్ద లాభం అన్నమాట.

సిగ్నల్ లేని చోట రెట్టింపు భారం

టవర్‌కు దూరమైనకొద్దీ ఫోను తన ప్రసార శక్తిని పెంచుకుంటుంది. సిగ్నల్ పూర్తిగా పోతే టవర్ కోసం పదేపదే వెతుకుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం గ్రామాల్లో, నల్లమల మీదుగా సాగే శ్రీశైలం దారిలో, కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలోని అరకు సొరంగాల్లో జేబులోని ఫోను ఉత్తినే ఖాళీ కావడానికి కారణం ఇదే. ఇలాంటి చోట ఫ్లైట్ మోడ్ పెట్టుకోవడం మేలు. 5జీ అరకొరగా అందే ఊళ్లలో 4జీకి మార్చుకుంటే నెట్‌వర్క్‌ల మధ్య ఊగిసలాట తప్పుతుంది. వైఫై ఉన్న చోట మొబైల్ డేటా బదులు దాన్నే వాడుకోవాలి.

యాప్‌లను తుడిచేస్తే లాభమా?

వాడిన యాప్‌లన్నింటినీ వెంటవెంటనే తుడిచేయడం చాలామందికి అలవాటు. దీనివల్ల సాధారణంగా లాభం ఉండదు. మూసిన యాప్‌ను మళ్లీ మొదటినుంచి తెరవడానికి అదనంగా శక్తి ఖర్చవుతుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, వాడకుండా పక్కన పెట్టిన ఫోనులో యాప్‌లను నిద్రపుచ్చే ఏర్పాటు ఉంది. 2018 నాటి ఆండ్రాయిడ్ 9లో అరుదుగా వాడే యాప్‌లకు కళ్లెం వేసే అడాప్టివ్ బ్యాటరీ వచ్చింది.

సెట్టింగ్స్‌లో బ్యాటరీ విభాగం తెరిస్తే ఏ యాప్ ఎంత వాడిందో జాబితా కనిపిస్తుంది. తెరవకపోయినా జాబితాలో పైన నిలిచిన యాప్ ఉంటే దానికి వెనుక నడిచే అనుమతి తీసేయాలి. లొకేషన్ అనుమతిని 'వాడుతున్నప్పుడు మాత్రమే' అని మార్చుకోవాలి. ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ సేవర్, ఐఫోన్‌లో లో పవర్ మోడ్ ఈ పనులు చాలావరకు ఒక్క మీటతో చేస్తాయి. ఛార్జింగ్ అడుగంటేదాకా ఆగకుండా, రోజు పొడవు అనిపించినప్పుడు ఉదయమే ఆన్ చేసుకోవచ్చు.

ఎండ తగిలితే కోలుకోదు

లిథియం అయాన్ బ్యాటరీకి వేడి ప్రధాన శత్రువు. తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని, అంతకు మించిన వేడిలో బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గవచ్చని ఆపిల్ సంస్థ చెబుతోంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. పొలం గట్టుమీద, కారు అద్దం కింద, బైకు హ్యాండిల్‌పై ఎండలో ఫోను ఉంచరాదు. వేడెక్కిన ఫోనును ఫ్రిజ్‌లో పెట్టడం మరీ ప్రమాదం. లోపల తేమ చేరి పాడవుతుంది. కవరు తీసి నీడన గాలి తగిలేలా ఉంచితే చాలు.

ఎనిమిది గంటల మాట పాతది

కొత్త ఫోనుకు ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాలని, పూర్తిగా ఖాళీ అయ్యాకే మళ్లీ పెట్టాలని చెప్పే మాట పాత నికెల్ బ్యాటరీల నాటిది. 1991లో సోనీ సంస్థ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీకి అది వర్తించదు. పూర్తిగా ఖాళీ చేయడం, 100 శాతం వద్ద గంటల తరబడి ఉంచడం రెండూ దాని ఆయుష్షును తగ్గిస్తాయి. నిత్యం 20 నుంచి 80 శాతం మధ్య ఉంచుకోవడం ఉత్తమం. 80 శాతం వద్ద ఛార్జింగ్ ఆపే సదుపాయం ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది.

ఎంత జాగ్రత్త పడ్డా బ్యాటరీ అరగక మానదు. 800 సార్లు పూర్తిగా ఛార్జింగ్ చేశాక కూడా కనీసం 80 శాతం సామర్థ్యం మిగిలి ఉండాలని ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి నిబంధన అమలులోకి తెచ్చింది. సామర్థ్యం అంతకంటే పడిపోతే సెట్టింగ్‌లతో కుస్తీ పట్టడం కంటే బ్యాటరీ మార్పించుకోవడమే నయం. ఉబ్బిన బ్యాటరీని వెంటనే వాడకం ఆపి సర్వీసు కేంద్రంలో అప్పగించాలి. గుచ్చడం, నొక్కడం చేస్తే మంటలు రేగవచ్చు.

బ్యాటరీ, ఛార్జర్, పవర్‌బ్యాంక్ ఏది కొన్నా బీఐఎస్ గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య చూసుకోవాలి. ఆ సంఖ్య అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

తుపాను హెచ్చరిక వస్తే..

* 80 శాతం నియమాన్ని పక్కన పెట్టి ఇంట్లోని ఫోన్లన్నిటినీ, పవర్‌బ్యాంక్‌ను 100 శాతం నింపుకోవాలి.
* 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్‌బ్యాంక్‌తో 5,000 ఫోను రెండుసార్లు నిండదు. మార్పిడిలో పోయే నష్టం వల్ల సుమారు ఒకటిన్నర సార్లే వస్తుంది.
* కరెంటు పోగానే ఒక ఫోనును మాత్రమే ఆన్‌లో ఉంచి మిగతావి ఆపేయాలి.
* సిగ్నల్ ఉంటే మొబైల్ డేటా ఆపేయాలి. కాల్స్, ఎస్ఎంఎస్‌లు డేటా లేకున్నా వస్తాయి.
* సిగ్నల్ లేకుంటే ఫ్లైట్ మోడ్ పెట్టి, బంధువులతో ముందే అనుకున్న వేళకు గంటకోసారి ఐదు నిమిషాలు తెరవాలి.
* వీడియో కాల్ బదులు ఎస్ఎంఎస్ పంపాలి. వెలుతురుకు ఫోను లైటు బదులు టార్చి వాడాలి.
* ముఖ్యమైన నంబర్లు కాగితంపై రాసి ఉంచుకోవాలి. ఫోను ఆరిపోయినా పక్కింటి ఫోను పనికొస్తుంది.